సోమవారం మాట



ఆదివారం పొద్దున ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో ఏ చర్చి పక్కగా పోయినా పాట వినబడుతుంది. ముసలివాళ్లు, పిల్లలు, పొలం పనులకు పోయే కూలీలు, ఆఫీసు ఉద్యోగులు అందరూ గొంతు కలిపి దేవుణ్ణి స్తుతిస్తారు. అవే గొంతులు సోమవారం పొద్దున కూరగాయల బండి దగ్గర ఎట్లా పలుకుతున్నాయి? బస్సులో సీటు కాడ ఎట్లా పలుకుతున్నాయి? పిల్లవాడి మార్కుల కాగితం చేతికొచ్చినప్పుడు ఎట్లా పలుకుతున్నాయి? ఈ పూట నేను మీతో పంచుకోవాలనుకుంటున్నది ఆ సోమవారం మాట గురించి.

బైబిల్లో యాకోబు పత్రిక మూడో అధ్యాయం ఈ ప్రశ్ననే ముఖాన అడుగుతుంది. మనిషి దేవుని పోలికలో పుట్టినవాడు. దేవుణ్ణి స్తుతించిన నోటితోనే ఆ మనిషిని తిట్టడం ఎట్లా కుదురుతుందని యాకోబు నిలదీస్తాడు. ఈ ఒక్క ప్రశ్నతో మన మాట తీరు మర్యాదకు సంబంధించిన విషయంగా మాత్రమే మిగలదు. అది మన భక్తి నిజమా కాదా అని తేల్చే విషయమవుతుంది. మన ఇరుగుపొరుగువాళ్లలో చాలామంది బైబిలు తెరిచి ఉండరు. క్రీస్తు ఎట్లాంటివాడో వాళ్లకు తెలిసేది పక్కింటి క్రైస్తవుడు తమతో మాట్లాడే తీరును బట్టే.

మంచిగా మాట్లాడటమంటే తీయగా మాట్లాడటమని కొందరు అనుకుంటారు. తీపి మాటతో మోసం చేసేవాళ్లనూ మనం చూశాం. నిజమే చెబుతున్నామని మనసు విరిగేలా మాట్లాడేవాళ్లనూ చూశాం. మాటలో నిజం ఉండాలి, వినేవాడి మీద గౌరవమూ ఉండాలి. రెండూ ఉన్నప్పుడే దాన్ని మంచి మాట అంటాం. ఎఫెసీ పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు పెట్టిన కొలత కూడా ఇదే. మన నోటినుంచి వచ్చే మాట వినేవాడికి మేలు చేయాలి, అతణ్ణి నిలబెట్టాలి.

మాట విలువ మన ప్రాంతానికి ఎవరో వచ్చి నేర్పాల్సినది కాదు. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో దొరికిన రేనాటి చోళుల శాసనం క్రీస్తు శకం 575 నాటిదని, ఇప్పటిదాకా దొరికిన తెలుగు శాసనాల్లో అదే మొదటిదని చరిత్రకారులు చెబుతారు. అంటే తెలుగు మాట పూర్తి శాసనంగా మొదట రాతి మీదికి ఎక్కింది ఈ పెన్నా పరిసరాల్లోనే. ప్రొద్దుటూరు పుట్టపర్తి నారాయణాచార్యులు, గడియారం వేంకటశేష శాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని వంటి పెద్దలు నడయాడిన ఊరు.

కడపలో లండన్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ పని 1822లో మొదలైంది. దానికి రెండేళ్ల ముందు, 1820లో, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చాడు. ఆయన తండ్రి డేవిడ్ బ్రౌన్ కలకత్తాలో క్రైస్తవ మతబోధకుడు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన బ్రౌన్ ఇక్కడి పండితులను పక్కన కూర్చోబెట్టుకుని, తన జీతం డబ్బు ఖర్చుపెట్టి తాళపత్రాలు సేకరించాడు. వేమన పద్యాలను 1829లో అచ్చువేయించాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఈరోజు కడపలో ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది. పరాయి దేశం మనిషిని మన జిల్లా రెండు వందల ఏళ్ల తర్వాత కూడా తలుచుకుంటోందంటే, ఆయన అధికారం చేసినందుకు కాదు, ఇక్కడి జనం మాటను చెవిపెట్టి విన్నందుకు. వినడానికి ముందుకు రండి, మాట్లాడటానికి నిదానించండి అని యాకోబు చెప్పింది ఇందుకే. ఎదుటివాళ్ల మాట చివరిదాకా విననివాడు వాళ్లకు పనికొచ్చే మాట చెప్పలేడు.

ముందుగా ప్రొద్దుటూరు సంగతి చూద్దాం. బంగారం, బట్టల వ్యాపారానికి పేరుపడ్డ ఊరది. చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లి కుదిరితే జనం మొదట ఎక్కేది ప్రొద్దుటూరు బస్సే. ఒక తల్లి తన పాత కమ్మలు కొంగున ముడివేసుకుని, కూతురి పెళ్లికి కొత్తవి చేయించాలని అంగడి మెట్లెక్కింది అనుకుందాం. ఆ కమ్మలు ఆమెకు వాళ్ల అమ్మ పెట్టినవి. గల్లా దగ్గరి మనిషి వాటిని కాటాలో విసిరినట్టు వేసి, “ఇందులో మేలిమి ఏముందమ్మా, అంతా కల్తీనే” అని పక్కకు నెట్టాడంటే, ధర సంగతి అటుంచండి, ఆమె తల్లిని అన్నట్టే. అదే మనిషి, “అక్కా, ఇట్లా వచ్చి కాటా చూడు. రాళ్లు తీసేస్తే ఇంత తూగింది. తరుగు ఇంత, మజూరీ ఇంత. ఇంకో చోట అడిగి రావాలంటే అడిగి రా, నేనేమీ అనుకోను” అన్నాడంటే, ఇచ్చే రూపాయి అంతే అయినా ఆమె తల ఎత్తుకుని మెట్లు దిగుతుంది. ఇందులో తీపి లేదు, నిజం ఉంది, గౌరవం ఉంది. కొనేవాళ్లకూ ఈ మాట వర్తిస్తుంది. పొద్దున్నించి నిలబడి పది చీరలు విప్పి చూపించిన కుర్రాణ్ణి కసురుకుని, ఏమీ కొనకుండా లేచిపోయేవాళ్లలో క్రైస్తవులు ఉండకూడదు. కొనకపోయినా “నీకు శ్రమ ఇచ్చినాము నాయనా” అని ఒక్క మాట అనడానికి ఏ ఖర్చూ లేదు.

అపొస్తలుల కార్యములు పందొమ్మిదో అధ్యాయం చదివినప్పుడల్లా నాకు ప్రొద్దుటూరు గుర్తొస్తుంది. అక్కడ ఎఫెసు పట్టణం. ఆ ఊరికి అర్తెమిదేవి గుడి పెద్ద పేరు. ఆ దేవికి వెండి గుళ్లు చేసి అమ్మే కంసాలులు ఊరినిండా ఉన్నారు. పౌలు రెండేళ్లకు పైగా ఆ ఊళ్లో ఉండి తన బోధ చెప్పాడు. తమ బేరం దెబ్బతింటుందని దేమేత్రియు అనే కంసాలి జనాన్ని పోగుచేశాడు. పౌలు తోటివాళ్లను పట్టుకుని ఊరంతా నాటకశాలలో చేరి రెండు గంటలసేపు కేకలు వేసింది. అప్పుడు ఆ పట్టణపు కరణం లేచి జనాన్ని సముదాయించాడు. ఆయన క్రైస్తవుడు కాదు. ఆయన చెప్పిన సాక్ష్యం చూడండి. మీరు పట్టుకొచ్చిన ఈ మనుషులు గుళ్లు దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించినవాళ్లూ కారు అన్నాడు.

రెండేళ్లకు పైగా బోధించినా పరాయి దేవతను తిట్టాడన్న పేరు పౌలుకు రాలేదు. తన విశ్వాసాన్ని దాచుకోలేదు, ఎదుటివాళ్ల విశ్వాసం మీద బురద చల్లలేదు. ఈ ఒక్క సంగతి మన బోధకులందరూ, మైకు పట్టుకునే యువకులందరూ గుండెల మీద రాసుకోవాలి. ప్రొద్దుటూరులో దసరా వచ్చిందంటే అమ్మవారిశాల దగ్గర ఊరంతా చేరుతుంది. మైసూరు తర్వాత దసరా అంటే ప్రొద్దుటూరేనని జనం గర్వంగా చెప్పుకుంటారు. మసీదులనుంచి ఐదు పూటలా అజాన్ వినిపిస్తుంది. ఆ మనుషులే మన పిల్లలకు పాఠాలు చెబుతున్నారు, మనకు అప్పు సరుకు ఇస్తున్నారు, మన ఇంట చావు జరిగితే ముందు వచ్చి నిలబడుతున్నారు. వాళ్లు పవిత్రంగా చూసుకునేదాన్ని ఎగతాళి చేస్తే క్రీస్తుకు మహిమ రాదు. మన గురించి మన ఊరి కరణం ఏమని సాక్ష్యం చెబుతాడు? సంఘంలో ప్రతి బోధకుడూ వేసుకోవలసిన ప్రశ్న ఇది.

ఇక జమ్మలమడుగు. ఆ ఊరి పేరు చెప్పగానే గండికోటతో పాటు గుర్తొచ్చేది క్యాంప్‌బెల్ ఆసుపత్రి. లండన్ మిషన్ వైద్యుడు డాక్టర్ క్యాంప్‌బెల్ పేరు మీద ఉన్న ఆ ఆసుపత్రి దక్షిణ ఇండియా సంఘం చేతిలోకి వచ్చి తరాలు గడిచాయి. తర్వాతి కాలంలో ముఖ్యమంత్రి అయిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి వైద్యుడిగా తొలి రోజుల్లో పనిచేసిందీ అక్కడే. మన జిల్లా పల్లెల్లో క్రైస్తవం అంటే చాలామందికి మొదట తెలిసింది బోధ ద్వారా కాదు, బడి ద్వారా, ఆసుపత్రి ద్వారా.

ఆసుపత్రిలో మాట మందు అంత పని చేస్తుంది. ఏ ఊరి ఆసుపత్రికైనా తెల్లవారుజామున పోయి చీటీలు రాసే కిటికీ ముందు నిలబడి చూడండి. మొదటి బస్సుకు పల్లెనుంచి వచ్చిన అవ్వకు చదువు రాదు. చేతిలో నలిగిపోయిన పాత చీటీ ఉంటుంది. ఏ గదికి పోవాలో తెలియదు. రెండోసారి అడిగితే “ఎన్నిసార్లు చెప్పాల నీకు?” అని కసిరారంటే ఆ అవ్వ మూడోసారి అడగదు. తప్పు గది ముందు మధ్యాహ్నందాకా కూర్చుంటుంది. డాక్టరు గారి ముందు నొప్పి ఎక్కడో సరిగ్గా చెప్పడానికి కూడా జంకుతుంది. అదే కిటికీలోనుంచి “అవ్వా, ఎడమ చేతి పక్క రెండో తలుపు. ఈ నర్సమ్మ వెంట పో” అని వినబడితే ఆమెకు సగం భయం పోతుంది.

మార్కు సువార్త ఐదో అధ్యాయంలో పన్నెండేళ్ల రక్తస్రావంతో కుంగిపోయిన ఒక స్త్రీ కథ ఉంది. వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా ఖర్చుపెట్టుకుంది. ఆ రోజుల ఆచారం ప్రకారం ఆమె అంటరానిది. గుంపులో వెనకనుంచి వచ్చి యేసు వస్త్రం ముట్టుకుంది, స్వస్థత పొందింది. అక్కడితో కథ అయిపోవచ్చు. యేసు మాత్రం నిలబడిపోయాడు, ఆమెను వెతికాడు. వణికిపోతూ వచ్చిన ఆమెను అందరి ముందు కుమారీ అని పిలిచాడు. రోగం అంతకుముందే పోయింది. ఊరి ముందు పోయిన ఆమె పరువు ఆ పిలుపుతో తిరిగి వచ్చింది. పన్నెండేళ్లుగా ఎవరూ అంటుకోని మనిషి ఒక్క మాటతో ఒకరి బిడ్డ అయింది.

ఈ పిలుపు విలువ మన జిల్లా క్రైస్తవులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తొలి తరాల్లో సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. ఊళ్లో పెద్ద వయసు మనిషిని కూడా ‘ఒరేయ్’ అని తప్ప పిలవని రోజులవి. బాప్తిస్మం తీసుకున్నాక ఏసుదాసు, దేవదానం, శాంతమ్మ అనే పేర్లు వచ్చాయి. చర్చిలో అన్నా, అక్కా, అయ్యా అనే పిలుపులు వచ్చాయి. కులం పేరుతో నలుగురిలో మనిషిని అవమానించడం నేరమని 1989లో షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. క్రైస్తవుడికి ఆ చట్టం కంటే ముందే ఇంకో ఆజ్ఞ ఉంది. క్రీస్తులో యూదుడని, గ్రీసు దేశస్థుడని, దాసుడని, స్వతంత్రుడని తేడా లేదని గలతీ పత్రిక చెప్పింది. అయినా మన సంఘాల్లోనే పెళ్లి సంబంధాల దగ్గర, కమిటీ ఎన్నికల దగ్గర, ఫలానావాళ్లు, మనవాళ్లు అనే మాటలు ఇంకా వినబడుతున్నాయంటే నాకు చాలా బాధగా ఉంది. చిన్న కులమని ఒకప్పుడు అవమానం మోసినవాళ్ల మనవలం మరొకరిని చిన్నబుచ్చే మాట నోటికి రానీయకూడదు. పెద్ద కులాల నుంచి వచ్చిన క్రైస్తవులు తమ తోటలో, ఇంట్లో పనిచేసేవాళ్లను ఆదివారం బల్ల దగ్గర తమ పక్కన రొట్టె తీసుకున్న అన్నదమ్ములుగా, అక్కచెల్లెళ్లుగా సోమవారం కూడా పిలవాలి.

ఇప్పుడు పులివెందుల వైపు పోదాం. చీనీ తోటలు, అరటి తోటలు, వేరుశనగ చేలు. చెమటోడ్చి బతికే జనం. అతిథి వస్తే అన్నం పెట్టకుండా పంపని జనం. ఈ మంచి సీమ మీదే ఏళ్ల తరబడి ఫ్యాక్షన్ నీడ పడింది. ఫ్యాక్షన్‌కు భూమి, కాంట్రాక్టులు, రాజకీయాలు, పాత పగలు వంటి కారణాలు చాలా ఉన్నాయి. అయితే కత్తి లేచే ముందు చాలాసార్లు ఒక మాట లేస్తుంది. నలుగురిలో “నువ్వెంత, నీ బతుకెంత” అన్న మాట. గట్టు దగ్గర, నీళ్ల వంతు దగ్గర, పెళ్లి పందిట్లో అన్న మాట. నిప్పురవ్వ ఎంత చిన్నదైనా అడవిని కాలుస్తుందని యాకోబు నాలుక గురించి హెచ్చరించాడు. కాలిన కట్టెల వామి చూసిన రైతుకు ఆ హెచ్చరికను ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

బైబిలు మొదటి సమూయేలు గ్రంథం ఇరవై అయిదో అధ్యాయంలో ఉన్న కథ మన సీమ కథ లాగే ఉంటుంది. నాబాలు పెద్ద ఆస్తిపరుడు. మూడు వేల గొర్రెలు, వెయ్యి మేకలు ఉన్నాయి. అడవిలో అతని మందలకు దావీదు మనుషులు కాపుగా ఉన్నారు. గొర్రెలకు బొచ్చు కత్తిరించే పండుగ రోజున దావీదు పదిమంది కుర్రాళ్లను పంపి మర్యాదగా కొంత ఆహారం అడిగించాడు. నాబాలు ఇవ్వకపోవడంతో ఆగలేదు. దావీదు ఎవడు, యజమానుల దగ్గరనుంచి పారిపోయే దాసులు ఈ కాలంలో చాలామంది ఉన్నారులే అని ఎత్తిపొడిచాడు. ఆ ఒక్క మాటకు దావీదు నాలుగు వందల మందితో కత్తులు కట్టుకుని బయలుదేరాడు. తెల్లారేసరికి ఆ ఇంట మగవాణ్ణి ఒక్కణ్ణీ మిగల్చనని ఒట్టు పెట్టుకున్నాడు.

ఈ సంగతి పనివాడు ఒకడు వచ్చి నాబాలు భార్య అబీగయీలుకు చెప్పాడు. ఆమె పనివాడి మాట విన్నది. అది మొదటి గొప్పతనం. రొట్టెలు, మాంసం, ద్రాక్షగెలలు గాడిదల మీద వేయించుకుని దావీదుకు ఎదురువెళ్లింది. గాడిద దిగి నమస్కరించి మాట్లాడింది. భర్త చేసింది తప్పని ఒప్పుకుంది. ఇంకో నిజం కూడా భయపడకుండా చెప్పింది. రేపు నువ్వు రాజువయ్యాక, ఊరికే రక్తం చిందించానన్న బాధ నీ గుండెలో మిగలకూడదని చెప్పింది. దావీదు కత్తి ఆగిపోయింది. నన్ను ఈ పాపంనుంచి ఆపినందుకు నీకు మేలు కలగాలని ఆమెను దీవించాడు. ఒక మగవాడి పొగరు మాట నాలుగు వందల కత్తులు లేపింది. ఒక ఆడమనిషి బుద్ధిగల మాట వాటిని తిరిగి ఒరలో పెట్టించింది.

మన సీమలో పగల వల్ల ఎక్కువగా నష్టపోయింది ఆడవాళ్లే. వాళ్లలో ఎంతోమంది అబీగయీలులు ఉన్నారు. ఊళ్లో రెండిళ్ల మధ్య మాట పట్టింపు వచ్చినప్పుడు, ఆజ్యం పోయడానికి పదిమంది ఉంటారు. ‘వాడు నిన్ను ఇట్లా అన్నాడంట’ అని ఇక్కడిది అక్కడ, అక్కడిది ఇక్కడ మోసేవాళ్లు ఉంటారు. క్రైస్తవుడు ఆ పదిమందిలో ఉండకూడదు. ఆ మాట తన దగ్గర ఆగిపోవాలి. వీలైతే లేచిపోయి రెండిళ్లవాళ్లతో మాట్లాడాలి. సమాధానపరిచేవాళ్లు దేవుని కుమారులని కొండమీది ప్రసంగం అన్నది ఇట్లాంటివాళ్లనే.

ఇక్కడ ఒక్క విషయం స్పష్టంగా చెప్పాలి. మంచిగా మాట్లాడమన్నంత మాత్రాన అన్యాయం ముందు నోరు మూసుకోమని అర్థం కాదు. కూలి ఎగ్గొట్టినవాణ్ణి అడగాలి. ఆడపిల్లను అవమానించినవాణ్ణి నిలదీయాలి. ప్రధాన యాజకుడి ముందు ఒక బంట్రోతు యేసు చెంప మీద కొట్టినప్పుడు ఆయన ఊరుకోలేదు. తిరిగి తిట్టలేదు కూడా. నేను తప్పు మాట్లాడి ఉంటే ఆ తప్పేదో చూపించు, న్యాయంగా మాట్లాడితే ఎందుకు కొట్టావు అని అడిగాడు. యోహాను సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో ఉంది ఈ సంగతి. తల ఎత్తి, గొంతు అదుపులో పెట్టుకుని, నిజం అడగడం యేసు చూపించిన దారి. బలహీనులకు మెత్తగా మాట్లాడమని నీతి చెప్పి, బలవంతుల నోటిని వదిలేసే బోధ క్రీస్తు బోధ కాదు.

ఇంటి సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు. బయట అందరికీ ‘ప్రైజ్ ద లార్డ్’ చెప్పి, ఇంట్లోకి అడుగు పెట్టగానే ‘ఏమే, చచ్చినావా’ అని అరిచే మగవాళ్లున్నారు. కోడలి పుట్టింటిని ఎత్తిపొడవకుండా పూట గడవని అత్తలున్నారు. పక్కింటి పిల్లవాడితో పోల్చి కొడుకును రోజూ కుంగదీసే తండ్రులున్నారు. భార్యల మీద కటువుగా ఉండవద్దని భర్తలకు, పిల్లల మనసు విరగగొట్టవద్దని తండ్రులకు కొలస్సీ పత్రిక మూడో అధ్యాయం పక్కపక్కనే చెప్పింది. ఇంటర్ ఫలితాల రోజున బిడ్డకు ముందు కావలసింది అన్నం, పక్కన కూర్చునే మనిషి. మార్కుల లెక్కలు మరుసటి రోజు అడగవచ్చు.

ఈ కాలంలో మాట నోటితోనే ఆగడం లేదు, వేలి కొసలకూ వచ్చింది. సంఘం వాట్సాప్ గ్రూపులో పొద్దున వాక్యం పెట్టి, రాత్రి అదే గ్రూపులో పాస్టరు గారి మీద, ఇంకో సంఘం మీద నిందలు పంపుతున్నాం. నిజమో కాదో చూడకుండా ఇంకో మతం మీద వచ్చిన వీడియోను ముందుకు తోస్తున్నాం. సహోదరుడు తప్పు చేశాడనిపిస్తే ముందు ఒంటరిగా పోయి అతనితోనే మాట్లాడమని మత్తయి సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో యేసు చెప్పాడు. ఆ ఒక్క మాట పాటిస్తే మన సంఘాల్లో సగం తగవులు పోలీసు స్టేషను దాకా, కోర్టు దాకా పోవు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలు అన్నారు. అయితే నోరు జారినవాడికి కూడా ఒక దారి ఉంది. మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో యేసు చెప్పిన దారి అది. కానుక తీసుకుని బలిపీఠం దగ్గరికి వచ్చాక, నా సహోదరుడికి నామీద బాధ ఉందని గుర్తొస్తే, ఆ కానుక అక్కడే వదిలి ముందు పోయి అతనితో సమాధానపడాలి. ఆరాధన ఆగుతుంది, సమాధానం ఆగకూడదు అని ఆయన అన్నాడంటే, మాట వల్ల తగిలిన గాయాన్ని ఆయన ఎంత పెద్దదిగా చూశాడో ఆలోచించండి.

ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో ఈ ప్రసంగం వింటున్న నా క్రైస్తవ సోదర సోదరీమణులకు ఒక్క మనవి. వచ్చే ఆదివారం చర్చికి బయలుదేరే ముందు మీ మాట వల్ల నొచ్చుకున్న మనిషి ఒకరిని గుర్తుచేసుకోండి. భార్య కావచ్చు, కూలి మనిషి కావచ్చు, వేరే మతం పొరుగువాడు కావచ్చు. ఆ ఇంటికి పోయి, “ఆ రోజు నేను అన్న మాట తప్పు, మనసులో పెట్టుకోవద్దు” అని చెప్పండి. చెప్పాకే చర్చికి పోండి. ఆలస్యమైనా ఫరవాలేదు.